మ్యాచ్ పాయింట్ దాకా వచ్చినవాళ్లు పిరికివాళ్లా?

2025 ఫ్రెంచ్ ఓపెన్ పురుషుల ఫైనల్ ముగిసేసరికి మన దగ్గర అర్ధరాత్రి దాటింది. తెల్లవారేసరికి తీర్పు సిద్ధమైపోయింది. యానిక్ సినర్ గెలిచే మ్యాచ్‌ని చేతులారా పోగొట్టుకున్నాడు, కప్పు కళ్లముందు కనిపించగానే చెయ్యి వణికింది, ప్రపంచ నంబర్ వన్ అయితే అయ్యాడు గానీ గుండె నిబ్బరం లేదు. టెన్నిస్ చూసేవాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా ఇదే మాట. రెండు సెట్లు ముందుండి, మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు దక్కించుకుని కూడా ఓడినవాణ్ని ఇంకేమనాలి అని ఎదురు ప్రశ్న.

ఈ తీర్పుని నేను ఒప్పుకోను. సినర్ విషయంలోనే కాదు, ఎవరి విషయంలోనూ ఒప్పుకోను. గ్రాండ్‌స్లామ్‌లో గెలుపు అంచుదాకా వెళ్లి ఎవరు ఓడినా మనం కారణాన్ని వాళ్ల ఆటలో వెతకం, నేరుగా స్వభావంలో వెతుకుతాం. భయం, బలహీనత, పిరికితనం అని ముద్ర వేసేస్తాం. గడిచిన నలభై ఏళ్ల పెద్ద మ్యాచ్‌లు తిరగేసి చూడండి. ఈ ముద్ర ప్రతిసారీ ఫలితం వచ్చాకే పడింది. ఫలితం అటుదిటైతే అదే ఆటకి, అదే తప్పుకి మరో పేరు పెట్టేవాళ్లం. ఆటగాడి గుండెలో ఏముందో మనకెవరికీ తెలియదు. తెలిసింది స్కోరు ఒక్కటే. దాన్ని బట్టి గుండెను ఊహించి, ఆ ఊహనే ఓటమికి కారణంగా చెబుతున్నాం.

ముందు ఆ మూడు పాయింట్ల సంగతి చూద్దాం. నాలుగో సెట్‌లో సినర్ 5-3తో ముందున్నాడు. సర్వీస్ కార్లోస్ అల్కరాజ్‌ది. స్కోరు 0-40. అంటే సినర్‌కి దక్కిన మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లూ ఎదుటివాడి సర్వీస్‌లో వచ్చినవే. తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతే ఎత్తరు. అగ్రశ్రేణి పురుషుల టెన్నిస్‌లో సర్వ్ చేసేవాడు పది పాయింట్లలో ఇంచుమించు ఆరు గెలుస్తాడు. ఆ చొప్పున లెక్క వేస్తే, వాడు వరసగా మూడు పాయింట్లు గెలవడం ఐదుసార్లలో ఒకసారి జరుగుతుంది. మొదటి సెట్ మొదటి గేమ్‌లో ఎవరైనా 0-40 నుంచి సర్వీస్ నిలబెట్టుకుంటే బాగా ఆడాడని అనుకుని మరో గేమ్‌లోకి వెళ్లిపోతాం. అవతలివాడి ధైర్యం గురించి ఒక్కరూ మాట్లాడరు. ఆటలో రోజూ జరిగేదే ఛాంపియన్‌షిప్ పాయింట్ దగ్గర జరిగేసరికి దానికి మానసిక శాస్త్రం కావలసి వచ్చిందా?

ఆ తర్వాత 5-4 దగ్గర టైటిల్ కోసం సర్వ్ చేస్తూ సినర్ తన సర్వీస్ కోల్పోయాడు. అది నిజం, కాదనను. మరి ఐదో సెట్ సంగతేమిటి? అక్కడ 5-4 దగ్గర టైటిల్ కోసం సర్వ్ చేసింది అల్కరాజ్. సినర్ బ్రేక్ చేశాడు. అప్పటికే చేజారిన మూడు పాయింట్ల బరువు మోస్తూ, ఫైనల్ ఐదో సెట్‌లో, ఓటమికి ఒక్క గేమ్ దూరంలో నిలబడి బ్రేక్ చేశాడు. గుండె లేనివాడు చేసే పనేనా అది? అదే గేమ్‌లో అల్కరాజ్ కూడా టైటిల్ కోసం సర్వ్ చేసి పోగొట్టుకున్నాడు. అతని చెయ్యి వణికిందని ఎవరైనా అన్నారా? అనలేదు, ఎందుకంటే చివరికి టైబ్రేక్ 10-2తో గెలిచాడు. ఐదు గంటల 29 నిమిషాల ఆటలో ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. ఒకరి మీద మరక పడింది, మరొకరి మీద పడలేదు. మొత్తం పాయింట్లు లెక్కపెడితే సినర్ 193, అల్కరాజ్ 192.

ఈ ముద్ర వల్ల జరిగే మొదటి అన్యాయం ఓడినవాడికి కాదు, గెలిచినవాడికి. సినర్ పోగొట్టుకున్నాడు అన్న మరుక్షణం అల్కరాజ్ ఆ కోర్టులో లేకుండా పోతాడు. రెండు సెట్లు వెనకబడి, 3-5, 0-40 దగ్గర ఒక్కో సర్వీస్ వేసుకుంటూ బయటపడిన కుర్రవాడి ఆట మొత్తం ఎదుటివాడి భయం ఖాతాలోకి పోతుంది. అభిమాని తనకు నచ్చిన ఆటగాణ్ని తిడుతున్నాననుకుంటాడు. నిజానికి తను చూసిన గొప్ప మ్యాచ్‌ని తనే చిన్నబుచ్చుతున్నాడు.

ఇప్పుడు 2013 జులై 7కి వెళ్దాం. వింబుల్డన్ ఫైనల్. ఆండీ ముర్రే రెండు సెట్లు గెలిచి, మూడో సెట్‌లో 5-4 దగ్గర టైటిల్ కోసం సర్వ్ చేస్తున్నాడు. ఎదురుగా నొవాక్ జొకోవిచ్. స్కోరు 40-0. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అదీ తన సర్వీస్‌లోనే, తన దేశపు సెంటర్ కోర్టులో. ఫ్రెడ్ పెర్రీ 1936లో గెలిచాక బ్రిటన్ మగవాళ్లలో ఎవరూ ఆ సింగిల్స్ కప్పు ఎత్తలేదు. 77 ఏళ్ల ఎదురుచూపు ముర్రే రాకెట్ మీద కూర్చుంది. ఒక పాయింటు పోయింది. రెండోదీ పోయింది. మూడోదీ పోయింది. డ్యూస్. అక్కడితో ఆగలేదు, జొకోవిచ్‌కి బ్రేక్ పాయింట్ వచ్చింది. ఒకటి కాదు, మూడుసార్లు వచ్చింది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి జొకోవిచ్ గెలిచినా స్కోరు 5-5. ఆ పైన మ్యాచ్ ఎటు పోయేదో ఎవరికీ తెలియదు. ముర్రే మూడూ కాపాడుకున్నాడు, నాలుగో ఛాంపియన్‌షిప్ పాయింట్ మీద జొకోవిచ్ బ్యాక్‌హ్యాండ్ నెట్‌కి తగిలింది. బ్రిటన్ ఊగిపోయింది.

ఆ గేమ్‌ని ఇప్పటికీ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. చెప్పాల్సిందే. కానీ సినర్ చేజార్చుకున్నట్టే ముర్రే కూడా మూడు పాయింట్లు వరసగా చేజార్చుకున్నాడు. పైగా సర్వీస్ తనది కాబట్టి ముర్రే పని సినర్ పనికన్నా తేలిక. ఆ మూడు పాయింట్ల దగ్గర అతని చెయ్యి బిగుసుకుపోలేదని ఎవరు చెప్పగలరు? బిగుసుకునే ఉండొచ్చు. ఆ తర్వాతి బ్రేక్ పాయింట్లలో ఒక్కటి అటు పడి, మ్యాచ్ జారిపోయి ఉంటే, ఇదే గేమ్‌ని టీవీలో పదే పదే చూపిస్తూ ముర్రే పిరికితనానికి సాక్ష్యంగా వాడేవాళ్లు. ఆ ముద్ర అంతకుముందే వేశారు కూడా. 2012 అమెరికన్ ఓపెన్‌కి ముందు ముర్రే ఆడిన నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్సూ ఓడాడు. అతనికి పెద్ద మ్యాచ్ గెలిచే మనసు లేదన్నది అప్పట్లో అందరూ ఒప్పుకున్న నిజం.

ఆ ముర్రే కోచ్‌గా ఎవరిని పెట్టుకున్నాడో చూడండి. ఇవాన్ లెండిల్‌ని. లెండిల్ కూడా తన మొదటి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్సూ ఓడినవాడే. 1984 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో జాన్ మెకన్రో మీద రెండు సెట్లు వెనకబడేసరికి ఇక ఐదో ఓటమీ ఖాయమనుకున్నారు. ఆ మ్యాచ్ లెండిల్ గెలిచాడు. దానితో కలిపి మొత్తం ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. మరి రెండు సెట్లు ముందుండి ఓడిన మెకన్రో? నెల తిరక్కుండా వింబుల్డన్ ఫైనల్లో జిమ్మీ కానర్స్‌కి నాలుగంటే నాలుగు గేమ్‌లు ఇచ్చి గెలిచాడు. ఆపైన అమెరికన్ ఓపెన్ ఫైనల్లో అదే లెండిల్‌ని ఓడించాడు. ఆ ఏడాది అతని లెక్క 82 గెలుపులు, 3 ఓటములు. పారిస్‌లో ఆ ఒక్క సాయంత్రం మెకన్రో స్వభావం మారిపోయి, వింబుల్డన్ నాటికి మళ్లీ బాగుపడిందా?

మహిళల టెన్నిస్‌లో ఈ ముద్ర మరింత క్రూరంగా పడింది. యానా నొవోత్నా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1993 వింబుల్డన్ ఫైనల్. స్టెఫీ గ్రాఫ్ మీద మూడో సెట్‌లో 4-1, 40-30. ఒక్క పాయింటు గెలిస్తే 5-1. అక్కడ డబుల్ ఫాల్ట్. ఆ తర్వాత గ్రాఫ్ వరసగా ఐదు గేమ్‌లు గెలిచింది. బహుమతి ప్రదానంలో డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తల పెట్టి నొవోత్నా ఏడ్చిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటోతోనే ఆమె ఆట మీద తీర్పు ముగిసిపోయింది. ఆమె ఆడేదే సర్వ్ చేసి నెట్ దగ్గరకు దూసుకెళ్లే ఆట. ఆ ఆటలో రెండో సర్వీస్ మెల్లగా వేస్తే గ్రాఫ్ ఫోర్‌హ్యాండ్ దాన్ని తినేస్తుంది. కాబట్టి రెండో సర్వీస్ మీద కూడా సాహసం చేయక తప్పదు. 4-1 దాకా ఆమెను తీసుకొచ్చింది ఆ సాహసమే. భయపడినవాళ్లు బంతిని లోపల పడేసి ఊరుకుంటారు. బయటికి పోయే ప్రమాదమున్నా కొట్టింది నొవోత్నా.

ఇప్పుడు 2001కి రండి. అదే సెంటర్ కోర్టు. గోరన్ ఇవానిసెవిచ్, ర్యాంకు 125, వైల్డ్ కార్డుతో వచ్చాడు. అంతకుముందు మూడు వింబుల్డన్ ఫైనల్స్ ఓడాడు. ప్యాట్ రాఫ్టర్ మీద ఐదో సెట్‌లో 8-7 దగ్గర టైటిల్ కోసం సర్వ్ చేశాడు. మొదటి ఛాంపియన్‌షిప్ పాయింట్ మీద డబుల్ ఫాల్ట్. రెండో ఛాంపియన్‌షిప్ పాయింట్ మీద మళ్లీ డబుల్ ఫాల్ట్. మూడోది రాఫ్టర్ వేసిన లాబ్‌తో పోయింది. నాలుగోది గెలిచాడు. అంత పెద్ద పాయింట్ల మీద వరసగా రెండు డబుల్ ఫాల్ట్‌లు చేసిన మనిషిని మనం ప్రేమించాం, ఇప్పటికీ ప్రేమిస్తున్నాం. ఆ డబుల్ ఫాల్ట్‌లు అతని ఆవేశానికి, అతని మనిషితనానికి గుర్తుగా నిలిచాయి. నొవోత్నా చేసిన ఒక్క డబుల్ ఫాల్ట్ ఇంకా ఛాంపియన్‌షిప్ పాయింట్ దాకా రాని గేమ్‌లోది. దాన్ని మాత్రం ఆమె జీవితాంతం మోయాల్సి వచ్చింది. 1998లో వీనస్ విలియమ్స్‌ని, మార్టినా హింగిస్‌ని, ఫైనల్లో నథాలీ టోజియాని ఓడించి ఆమె వింబుల్డన్ గెలిచింది. డబుల్స్, మిక్స్‌డ్ కలిపి 16 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. 2017లో 49 ఏళ్లకే చనిపోయినప్పుడు కూడా ఆ ఏడుపు ఫొటోనే ముందు పెట్టారు. నాకు ఆ రోజు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇక తెలుగువాళ్లలో చాలామంది కళ్లారా చూసిన సాయంత్రం ఒకటుంది. 2019 జులై 14. లండన్‌లోని లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్, అదే లండన్‌లో వింబుల్డన్ ఫైనల్. రిమోట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ మార్చుకుంటూ చూసిన ఇళ్లెన్నో. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరో 241 పరుగులు చేశాయి. సూపర్ ఓవర్‌లో చెరో 15. బౌండరీలు 26, 17 అని లెక్కపెట్టి కప్పు ఇంగ్లండ్‌కి ఇచ్చారు. మర్నాడు మనమంతా ఏమన్నాం? రూలు తప్పన్నాం. న్యూజిలాండ్ ఓడలేదన్నాం. కేన్ విలియమ్సన్ హుందాతనానికి చేతులెత్తి మొక్కాం. విలియమ్సన్ జట్టుకి గుండె లేదని ఒక్కరూ అనలేదు. అంటే మిగతావాళ్లు ఒప్పుకునేవారు కాదు.

అదే సాయంత్రం రోజర్ ఫెదరర్ ఐదో సెట్‌లో 8-7, 40-15 దగ్గర రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు పోగొట్టుకున్నాడు. నాలుగు గంటల 57 నిమిషాలు సాగిన ఆ మ్యాచ్‌ని ఐదో సెట్‌లో 13-12తో జొకోవిచ్ గెలిచాడు. మొత్తం పాయింట్లు ఫెదరర్‌వి 218, జొకోవిచ్‌వి 204. గేమ్‌లు ఫెదరర్‌వి 36, జొకోవిచ్‌వి 32. విన్నర్లు 94, 54. ఏస్‌లు 25, 10. ఓట్లు ఎక్కువ వచ్చి సీట్లు తక్కువ వచ్చిన పార్టీని మనం చూస్తూనే ఉంటాం. ఓట్లు ఎక్కడ పడ్డాయన్నది అక్కడ ముఖ్యం, టెన్నిస్‌లోనూ అంతే. జొకోవిచ్ గెలుపు నూటికి నూరు పాళ్లు న్యాయమైనది, అందులో అనుమానం లేదు. కానీ 38వ పుట్టినరోజుకి నెల కూడా లేని మనిషి, ప్రపంచ నంబర్ వన్ మీద ఆ అంకెలన్నిట్లో ముందుండి ఆడాక, అతన్ని పిరికివాడనడానికి మనకు నోరెలా వచ్చింది? విలియమ్సన్‌కి ఇచ్చిన గౌరవంలో సగమైనా ఆ రాత్రి ఫెదరర్‌కి దక్కలేదు. టెన్నిస్ ఆడేవాడు ఒంటరి, నింద మోయడానికి పక్కన మరో పదిమంది ఉండరు. అందుకే మొత్తం అతని మీదే పడుతుంది.

ఆ మ్యాచ్ విషయంలో రూలు సంగతి కూడా చెప్పుకోవాలి. ఐదో సెట్ 12-12 అయితే టైబ్రేక్ అన్న నిబంధన వింబుల్డన్‌లో ఆ ఏడాదే వచ్చింది. అంతకుముందు ఏడాది సెమీఫైనల్లో కెవిన్ ఆండర్సన్, జాన్ ఇస్నర్ 26-24 దాకా ఆడాకే నిర్వాహకులకు అది అవసరమనిపించింది. అంటే 2018లో అయితే ఫెదరర్, జొకోవిచ్ 12-12 తర్వాత కూడా ఆడుతూనే ఉండేవారు. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ 6-6 దగ్గరే పది పాయింట్ల టైబ్రేక్ పెట్టారు. ఆ లెక్కన ఫెదరర్‌కి 8-7, 40-15 అన్న ఘడియే వచ్చేది కాదు. 2019లోనైతే నాలుగు టోర్నీలకూ ఐదో సెట్ ముగించే పద్ధతులు నాలుగు రకాలు. కమిటీ గదిలో కూర్చున్నవాళ్లు ఏ ఏడాది ఏ నిబంధన పెట్టారన్నదాన్ని బట్టి ఆటగాడు వీరుడో పిరికివాడో తేలుతుందంటే ఆ తీర్పుకి విలువేముంది?

ఫెదరరే 2024లో డార్ట్‌మత్ కాలేజీ పట్టాల ప్రదానంలో మాట్లాడుతూ ఒక లెక్క చెప్పాడు. తను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ ఆడిన పాయింట్లలో గెలిచింది 54 శాతమే. ఆ అంకెలు విన్నాక కూడా ఫలానా పాయింటు పోయింది కాబట్టి ఫలానావాడు బలహీనుడు అనేవాళ్లకి నేను చెప్పగలిగేది తక్కువ. చరిత్రలోని అతి గొప్ప ఆటగాళ్లలో ఒకడు ఇంచుమించు ప్రతి రెండో పాయింటూ పోగొట్టుకున్నాడు. వాటిలో కొన్ని మ్యాచ్ పాయింట్లు కాకుండా ఎలా ఉంటాయి?

అవతలి వాదంలో బలమున్న మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. ఒత్తిడి నిజం కాదా అంటారు. నిజమే. పెద్ద పాయింటు దగ్గర మోచెయ్యి బిగుస్తుంది, కాళ్లు కదలవు, సర్వీస్ బంతి ఎగరేసే చెయ్యి దారి తప్పుతుంది. రాకెట్ పట్టినవాళ్లందరికీ ఇది తెలుసు. కొందరు ఆ సమయంలో మిగతావాళ్ల కంటే బాగా ఆడతారన్నదీ నిజమే. 2019 ఫైనల్లో మూడు టైబ్రేక్‌లూ జొకోవిచ్ గెలిచాడు, ఆ మూడింట్లో ఒక్క అనవసర తప్పిదం కూడా చేయలేదు. అంతటి నైపుణ్యం అది. దాన్ని మెచ్చుకోవడానికి మాటలు చాలవు. కానీ జొకోవిచ్‌కి ఆ విద్య ఉందనడం వేరు, అది అతనంతగా లేనివాడు పిరికివాడనడం వేరు. ఇవానిసెవిచ్‌లా ఏస్‌లు కొట్టలేనివాణ్ని మనం తక్కువ సర్వీస్ ఉన్నవాడంటాం తప్ప, తక్కువ మనిషి అనం. టైబ్రేక్‌లో తప్పు చేయకుండా ఆడటమూ సర్వీస్ లాంటి విద్యే, అభ్యాసంతో వస్తుంది, ఒక్కోరోజు పోతుంది కూడా. అదే జొకోవిచ్ 2021 అమెరికన్ ఓపెన్ ఫైనల్లో, ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలవడానికి ఒక్క మ్యాచ్ దూరంలో, దనీల్ మెద్వెదెవ్ చేతిలో 6-4, 6-4, 6-4తో ఓడాడు. ఆఖరి సెట్‌లో కుర్చీలో కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డుపెట్టుకుని ఏడ్చాడు. ఉక్కు గుండె అన్నది మనిషికి శాశ్వతంగా అతుక్కున్న గుణమైతే ఆ రోజు ఎక్కడికి పోయింది?

ఇంకో పేరు తెస్తారు, గుయెర్మో కొరియా. 2004 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో గాస్టన్ గౌడియో మీద 6-0, 6-3తో ముందుండి, కాళ్లు పట్టేసి, ఐదో సెట్‌లో రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చాక కూడా 8-6తో ఓడాడు. ఆ తర్వాత అతను గ్రాండ్‌స్లామ్ గెలవలేదు. ఆ ఓటమి అతన్ని బాధించి ఉండొచ్చు, ఎంతైనా మనిషి. కానీ కాళ్లు పట్టేసి, సర్వీస్ కూడా సరిగా వేయలేని స్థితిలో ఐదో సెట్ చివరిదాకా పోరాడి మ్యాచ్ పాయింట్ తెచ్చుకున్నవాడిలో నాకు కనబడేది మొండి పట్టుదల. ఓటమి తర్వాత లేవలేకపోవడాన్ని ఓటమికి కారణంగా చూపించడం కాలాన్ని తలకిందులు చేయడమే.

మన హైదరాబాదీ సానియా మీర్జా కథనే తీసుకోండి. 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్. సానియా, హింగిస్ ఒకవైపు, రష్యా జోడీ మకరోవా, వెస్నినా మరోవైపు. మూడో సెట్‌లో మనవాళ్లు 2-5తో వెనకబడ్డారు. అక్కణ్నుంచి 5-5 చేశారు. చీకటి పడుతుంటే పైకప్పు మూసి, దీపాలు వేసి మళ్లీ ఆడించారు. 7-5తో గెలిచారు. సానియాకి అది తొలి మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్. ఆ రాత్రి తెలుగునాట ఎంత గర్వపడ్డామో నాకు గుర్తుంది, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. ఆ గర్వంలో తప్పేమీ లేదు. మకరోవా, వెస్నినా 5-2 నుంచి ఓడినవాళ్లు, వాళ్లకి ధైర్యం లేదు అని ఎవరైనా అంటే మాత్రం మర్నాటి నుంచి జరిగింది చూపించాలి. ఏడాది తిరిగాక రియో ఒలింపిక్స్‌లో డబుల్స్ స్వర్ణం ఆ ఇద్దరిదే. 2017లో అదే వింబుల్డన్ ఫైనల్‌ను 6-0, 6-0తో గెలిచారు. 2015లో వాళ్లు ఓడిపోవడానికి కారణం తెలుసుకోవాలంటే వాళ్ల గుండెల్లోకి తొంగిచూడనక్కర్లేదు. 2-5 తర్వాత సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చేతులు ఏం చేశాయో చూస్తే చాలు.

ఇంత పట్టింపు ఎందుకంటారేమో. గెలుపోటములు కోటీశ్వరుల మధ్యవి, వాళ్లు మన మాటలు వినరు కదా అని. వాళ్లు వినరు, నిజమే. వినేవాళ్లు ఇక్కడున్నారు. కొంతకాలం కిందట హైదరాబాద్‌లో పిల్లల టోర్నీ చూస్తున్నాను. పన్నెండేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి ఆఖరి సెట్‌లో 5-2 ముందుండి 5-7తో ఓడింది. నేను చూసింది ఏమిటంటే, 5-2 దగ్గర అవతలి పిల్ల నిలబడే చోటు మార్చింది. రెండో సర్వీస్‌కి బేస్‌లైన్ లోపలికి రెండడుగులు ముందుకొచ్చి, రిటర్న్‌ని ఈ అమ్మాయి కాళ్ల దగ్గరకు కొట్టడం మొదలుపెట్టింది. ఈమెకి దానికి జవాబు దొరకలేదు. మ్యాచ్ అయిపోయాక కంచె దగ్గర నిలబడ్డ తండ్రి అన్న మాట: "గెలిచే మ్యాచ్ పోగొట్టినవ్ బిడ్డా. నీకు ధైర్యం లేదు." అమ్మాయి తలెత్తకుండా "అవ్ డాడీ" అని రాకెట్ సంచిలో పెట్టుకుంది. మర్నాడు ఆమె డబుల్స్ ఆడుతుంటే కూడా చూశాను. ముందంజలోకి రాగానే కొట్టడం మానేసింది, బంతిని అవతలికి నెట్టడమే పెట్టుకుంది. రిటర్న్ కాళ్ల దగ్గర పడితే ఎలా ఆడాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. తనకి ధైర్యం లేదన్నది మాత్రం నేర్పారు.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. కూతురి మీద ప్రేమతోనే ఆ ఎండలో నిలబడ్డాడు. ఆయన అన్న మాట ఆయన సొంతది కాదు, ఫైనల్ అయిన ప్రతి రాత్రీ మనం అనేదే. పెద్దవాళ్ల గురించి అనుకున్న మాటలే పిల్లల చెవిన పడతాయి. ఓటమి బాధపెడుతుంది, బాధపడిన అభిమానికి నిందించడానికి ఒకరు కావాలి. నాకూ 2019లో ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఫెదరర్ అంటే నాకంత ఇష్టం. బాధపడే హక్కు అభిమానికి ఎప్పుడూ ఉంది. తీర్పు చెప్పే హక్కు మాత్రం ఆట గురించి నాలుగు మాటలు మాట్లాడాకే వస్తుంది.

సినర్ గురించి అయితే ఎక్కువ వేచి చూడక్కర్లేకపోయింది. పారిస్ ఓటమి జరిగిన ఐదు వారాలకే వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాజ్ ఎదురయ్యాడు. మొదటి సెట్ ఓడాడు, తర్వాత మూడు సెట్లూ 6-4తో గెలిచాడు. నాలుగో సెట్‌లో 4-3 దగ్గర తన సర్వీస్‌లో 15-40 వెనకబడ్డాడు, పారిస్ గుర్తు రాకుండా ఉండటం మనిషికి సాధ్యం కాని చోటు అది. ఆ గేమ్ నిలబెట్టుకున్నాడు, 5-4 దగ్గర టైటిల్ కోసం సర్వ్ చేసి గెలిచాడు. జూన్‌లో లేని గుండె జులైలో మొలిచిందని వాదించేవాళ్లు ఆ వాదన నిలబెట్టుకోవాలి, లేదా జూన్‌లో అన్న మాట వెనక్కి తీసుకోవాలి.

ఓడినవాడి గురించి మాట్లాడొద్దని నేననడం లేదు. మాట్లాడటానికి ఎంతో ఉంది. 1993లో నొవోత్నా రెండో సర్వీస్ మీద అంత బలం పెట్టాలా, కొంచెం తగ్గించి గ్రాఫ్ బ్యాక్‌హ్యాండ్ వైపు వేయాల్సిందా? పారిస్‌లో సినర్ 0-40 దగ్గర రిటర్న్‌కి ఎక్కడ నిలబడ్డాడు, అల్కరాజ్ ఏ వైపు సర్వ్ చేశాడు? 2019లో ఫెదరర్ మొదటి ఛాంపియన్‌షిప్ పాయింట్ మీద ఫోర్‌హ్యాండ్ బయటికి కొట్టాడు. రెండో దాని మీద బంతిని జొకోవిచ్ ఫోర్‌హ్యాండ్ వైపు కొట్టి నెట్ దగ్గరకు వచ్చాడు, జొకోవిచ్ క్రాస్‌కోర్టు పాసింగ్ షాట్ కొట్టాడు. బ్యాక్‌హ్యాండ్ వైపు కొట్టి రావాల్సిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ రోజు జొకోవిచ్ రెండు వైపుల్లో నెట్ దగ్గరకొచ్చినవాడికి ఎక్కువ ప్రమాదం బ్యాక్‌హ్యాండ్ నుంచే, కాబట్టి ఫెదరర్ వెళ్లిన వైపే సరైనది. తేడా వచ్చింది అతను కొట్టిన అప్రోచ్ షాట్‌లో, అది ఇంకొంచెం లోతుగా, గీతకి దగ్గరగా పడాల్సింది. కాదనేవాళ్లు ఎవరైనా సరే రండి, ఆ పాయింటు మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తూ రాత్రంతా వాదించుకుందాం.